మార్లిస్ పిన్ని చల్లగది

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. మొదటిది నిజమే. రెండోది అన్నవాడు మాత్రం మా మోంటానా కొండల్లో సెప్టెంబరు నెలలో పడుకుని ఉండడు.

మాది కాలిబాటలు బాగుచేసే పని. గాలికి చెట్లు దారికి అడ్డంగా పడిపోతాయి. వాటిని కోసి పక్కకు దొర్లించాలి. ఆ అడవిలో ఇంజను మోగకూడదని కట్టడి ఉంది కాబట్టి కోతంతా ఇద్దరు చెరో కొసా పట్టుకుని లాగే పెద్ద రంపంతోనే. ఒకసారి లోపలికి వెళ్తే వారం పైనే ఉంటాం. తిండి, గుడారం, పడక అన్నీ మా వీపు మీదే. చిన్నప్పుడే బడి మానేసిన నాకు నేర్పుగా వచ్చిన పని ఇదొక్కటే.

ఈ రంపాన్ని ఎవరి వంతుకు వాళ్లు లాగాలే తప్ప నెట్టకూడదు. నెడితే పలక వంగిపోతుంది. అందుకే అవతలివాడు రాత్రి నిద్రపోయాడో లేదో పిడి పట్టుకోగానే ఇవతలివాడికి తెలిసిపోతుంది. నిద్ర లేనివాడు లాగడు, వేలాడతాడు. ఆ వేసవి చివర్లో నేను వేలాడుతున్నాను.

నా జోడీ ఎల్డన్. తాటిచెట్టంత మనిషి, నోరు కూడా అంతే పెద్దది. ఒకరోజు మధ్యలో ఆగి చెమట తుడుచుకుంటూ, "ఒరే గార్డీ, చెట్టు బరువు చాలదని నిన్ను కూడా నాచేత లాగిస్తున్నావేంట్రా?" అన్నాడు. ముఠా అంతా నవ్వింది. మేస్త్రీ ప్రూయిట్ నవ్వలేదు. సాయంత్రం నన్ను పక్కకు పిలిచి, వచ్చే విడతలో కూడా ఇలాగే ఉంటే కింద సామాన్ల డిపోలో కూచోబెట్టి దారి బోర్డులకు రంగులు వేయిస్తానన్నాడు. జీతం తగ్గదట. మంచికే చెప్పాడు. కానీ రంపం వదిలి డిపోకి దిగినవాడు మళ్లీ కొండెక్కడం నేను చూడలేదు. నాకు ఇంకా కొండ మీదే ఉండాలని ఉంది.

వయసు మీద పడుతోంది కదా, అదే కారణం అనుకున్నాను. కానీ అసలు కారణం చలి. రాత్రంతా పాదాలు గడ్డకట్టుకుపోయేవి. మేజోళ్ల మీద మేజోళ్లు వేసేవాణ్ణి. ఉన్న బట్టలన్నీ తొడుక్కుని, ఈకలు కూరి కుట్టిన పడక సంచిలో దూరేవాణ్ణి. అయినా తెల్లారేదాకా వణుకే.

పట్నంలో పెద్ద దుకాణాలకు వెళ్లే స్తోమత నాకు లేదు. మా ఊరు టాంబ్లిన్‌లో పడక సంచి కావాలంటే అందరూ వెళ్లేది మార్లిస్ హావ్‌లాండ్ దగ్గరికే. ఊరంతటికీ ఆమె పిన్నే. ఆమె కంటే పెద్దవాళ్లు కూడా పిన్నీ అనే పిలుస్తారు. వాడేసిన సంచులు కొని, ఉతికి, చిరుగులు కుట్టి, ఊడిన జిప్పులు మార్చి అమ్ముతుంది. ఆమె తమ్ముడు డెల్మర్ వేటగాళ్లు తెచ్చే దుప్పుల్ని కోసి ముక్కలు చేసిచ్చే మాంసం కొట్టు నడుపుతాడు. ఆ కొట్టు వెనక గదే ఆమె దుకాణం. కొనడానికి వచ్చిన ప్రతివాణ్ణీ ఆమె ముందు డెల్మర్ మాంసం నిలవపెట్టే చల్లగదిలో పడుకోబెడుతుంది. అందులో పడుకోకుండా సంచి పట్టుకెళ్లినవాడు మా ఊళ్లో లేడు.

నేను వెళ్లి గోడ మీద అన్నిటికన్నా పైన వేలాడుతున్న లావుపాటి సంచి చూపించాను. చీటీ మీద డిగ్రీల అంకె అన్నిటికన్నా తక్కువ ఉన్నది దానికే. అంత గడ్డు చలికైనా తట్టుకుంటుందని దానర్థం.

ఆమె కళ్లజోడు పైనుంచి చూసింది. "ఆ అంకె చెప్పేది చలికి చావవని. నిద్రపడుతుందని కాదయ్యా."

అయినా దించి ఇచ్చింది. చల్లగదిలో రెండు బల్లలు వేసి ఉంటాయి. పైన కొక్కేలకు చర్మం ఒలిచిన దుప్పులు. ఆమె నా చేత చొక్కా మీది చొక్కాలన్నీ విప్పించింది. లోపల బట్టలు కుక్కేస్తే ఈకలు అణిగిపోతాయట. ఈకలు ఉబ్బితేనే వెచ్చదనమట. కింద మందపాటి పరుపు పరిచింది. తలుపు లోపలి నుంచి కూడా తెరుచుకుంటుందని చూపించి, వేసి వెళ్లిపోయింది. నేను దుప్పుల కాళ్లకేసి చూస్తూ పడుకున్నాను.

కొంతసేపటికి వచ్చింది. చలేసిందా అని అడగలేదు.

"ఎక్కడ మొదలైంది?"

"పాదాల్లో, పిన్నీ."

నడుము దగ్గర మొదలైతే కింద పరుపు చాలలేదని, భుజాల దగ్గరైతే మెడ దగ్గర సందుందని ఆమె లెక్క. పాదాల్లో మొదలైతే సంచి మనిషి కంటే పొడుగని. ఆమె సంచి కొస పట్టుకుని నా కాళ్ల కింద ఖాళీని నొక్కి చూపించింది. ఇంకో పిల్లవాడు పట్టేంత చోటుంది. ఆ ఖాళీనంతా రాత్రంతా నా పాదాలే వెచ్చబెట్టాలి, పాపం. నేను పొట్టివాణ్ణి. అది ఊరందరికీ తెలుసు. కానీ జన్మంతా పొడుగు మగవాళ్ల కొలతకు కుట్టిన సంచులే కొంటూ వచ్చాను.

ఆమె వెనక్కి వెళ్లి ఇంకోటి తెచ్చింది. వంకాయ రంగుది. ఆడవాళ్ల సంచి. పొడుగు తక్కువ, పాదాల దగ్గర ఈకలు ఎక్కువ. నేను లేచి కూచున్నాను. ముఠాలో పన్నెండుమంది మగాళ్లున్నారనీ, ఎల్డన్ నోరు ఎలాంటిదో ఆమెకు తెలియదనీ చెప్పాను.

అప్పుడు బల్ల అంచున కూచుని తన సంగతి చెప్పింది. పెళ్లికి ముందు, భర్త పోయిన తరవాత కూడా ఆమె వేటగాళ్ల గుడారాల్లో వంటమనిషి. ఎవరో వదిలేసిన మగవాళ్ల సంచులే ఆమె పాలికి వచ్చేవి. ఏళ్ల తరబడి కాళ్లు బిగుసుకుపోయి లేచేదట. తన ఒంట్లో నెత్తురే పలచనేమో అనుకుందట. నలభై దాటాక ఆడవాళ్ల కొలతకు కుట్టిన సంచి ఒకటి దొరికింది. ఆ మొదటి రాత్రి పడుకున్నది మళ్లీ వేటగాళ్లు వచ్చి గుడారం ఊపితే గానీ లేవలేదు. వాళ్లు ఆకలితో తిట్టారు. ఆమె రొట్టెలు కాలుస్తూ పాడుకుందట. అన్నేళ్లూ తప్పు తన ఒంటిది కాదని తెలిసిన రోజది. ఆ తరవాతే ఈ దుకాణం పెట్టింది.

"మగాణ్ణని నీ కాళ్లకు చెప్పి చూడు, వింటాయేమో," అంది లేస్తూ.

దూరాను. తల దగ్గర తాడు ఆమే బిగించి, ముక్కు మాత్రం బయట పెట్టుకోమంది. ఊపిరి లోపల వదిలితే ఈకలు తడుస్తాయట. తరవాత నాకు గుర్తున్నది డెల్మర్ నన్ను తడుతూ, పక్కకు జరగవయ్యా, దుప్పిని దించాలి అనడం. చుట్టూ మాంసం, గడ్డకట్టే చలి, అందులో నేను గుర్రుపెట్టి నిద్రపోయాను. వేసవంతటిలో నాకు పట్టిన మొదటి నిద్ర అదే.

విడత మొదలైంది. మొదటి సాయంత్రం గుడారంలో వంకాయ రంగు సంచి పరిచేసరికి జరగాల్సిందంతా జరిగింది. ఒకడు వంగి దండం పెట్టాడు. ఎల్డన్ నన్ను రాణిగారూ అని పిలవడం మొదలుపెట్టాడు. రాణిగారికి పల్లకీ ఏదని అడిగాడు. నేను సంచిలో దూరి, మెడ దగ్గర తాడు బిగించుకున్నాను. వాళ్ల నవ్వులు ఎప్పుడు ఆగాయో నాకు తెలియదు.

పొద్దున గుడారం మీద మంచు పేరుకుని ఉంది. దారికి అడ్డంగా నా ఛాతీ ఎత్తున లార్చ్ చెట్టు మాను. ఎల్డన్ అటు, నేను ఇటు. రంపం ఆనించాం. లాగాను. వదిలాను. మళ్లీ లాగాను. పొట్టు పొడుగాటి పోగుల్లా నా బూట్ల మీద రాలుతోంది. కోత బాగా సాగుతుంటే పొట్టు అలా వస్తుంది. రంపం పాడుతోంది. ఎల్డన్ మొదట్లో ఏదో అనబోయాడు, తరవాత ఊపిరి దాచుకోవాల్సి వచ్చింది. సగం దాటాక ఆపమని చెయ్యెత్తాడు.

"కాస్త నెమ్మది, రాణిగారూ. ఇవతల మనిషి ఉన్నాడు."

ప్రూయిట్ కింద బాట మీంచి అంతా చూస్తున్నాడు. ఆ విడతంతా నేను అలాగే లాగాను. దిగి వచ్చి ట్రక్కులో సామాను ఎక్కిస్తుంటే నా దగ్గరికొచ్చి, బోర్డులకు రంగులెయ్యడానికి ఇంకెవరినైనా చూసుకుంటాలే అన్నాడు. వచ్చే ఏడు కూడా రంపం మీదే నా పేరు. నేను తల ఊపి తాడు బిగించడంలో పడ్డాను.

ఇంటికి కాకుండా తిన్నగా పిన్ని దుకాణానికి వెళ్లాను. కొండ మీద కోసిన హకుల్‌బెర్రీ పళ్లు ఒక డబ్బా నిండా పట్టుకెళ్లాను. ఆమె ఎవరిదో సంచికి అతుకు వేస్తోంది. రంపం మీదే ఉంచారు పిన్నీ అన్నాను. ఇంకా చాలా చెప్పాలనుకున్నాను. నలభై ఎనిమిదేళ్లవాణ్ణి, ఒళ్లు ఉడిగిపోయిందనుకుని బతుకుతున్నవాణ్ణి. తప్పు నా ఒంటిది కాదని చెప్పిన మొదటి మనిషి ఆమే. డబ్బా ఆమె ముందు పెట్టాను. ఆమె నాలుగు పళ్లు నోట్లో వేసుకుని, తీపి బాగా పట్టాయి, మంచు పడ్డాక కోశావు కదూ అంది.

తలుపు దాకా వచ్చి, ఆ సంచిని ఇంటి దగ్గర ఎలా పెడతావని అడిగింది. చుట్టి, చిన్న సంచిలో కుక్కి, అటక మీద అన్నాను.

"అలా కుక్కితే చచ్చిపోతుందయ్యా. ఎక్కడైనా వదులుగా వేలాడదీయి. అదీ పనిచేసి వచ్చింది."

ఇంటికి వెళ్లగానే కొక్కేనికున్న నా కోటు తీసి కుర్చీ మీద వేసి, దాన్ని అక్కడ తగిలించాను.