మందు పనిచేసిన ముఖం

మా ఆయన ముఖం నిండా పొక్కులు లేచిన రోజు నేను సంబరపడ్డాను. పెద్దపేగు క్యాన్సరుకు అప్పుడాయన కర్నూలులో సూదిమందు ఎక్కించుకుంటున్నాడు. డాక్టరమ్మ ముందే చెప్పింది. క్యాన్సరు కణం మీద బయటి కబురు అందుకునే చోటొకటి ఉంటుందట. కబురు తగలగానే దాని లోపలివైపు టైరోసిన్ కైనేజ్ అనేది మేలుకొని, పెరుగు పెరుగు అని కణాన్ని తరుముతుందట. ఈ మందు ఆ చోటును మూసేస్తుంది. చర్మానికీ అదే కబురు కావాలి కాబట్టి ముఖాన పొక్కులు లేస్తాయి, లేస్తే చాలావరకు మందు పట్టినట్టే అంది. లోపల ఆ పాపిష్టిది కూడా ఇలాగే మాడిపోవాలని కసితీరా అనుకున్నాను.

అప్పుడు మేం కల్లూరు నుంచి కోసిగి దగ్గర అత్తగారి ఊరికి వచ్చి ఉన్నాం. ఆయన అన్న, అంటే మా బావ, తమ్ముడి ముఖం చూసి గడపలోనే ఆగిపోయాడు.

"అమ్మ పోసిండాది. ఇంగ మందూ మాకూ ముట్టగూడదు."

"అమ్మ కాదు బావా, మందు పనిచేస్తాండాది. రేపు సూదికి పోవల్ల."

"సూదేస్తే అమ్మకు కోపమొస్తాది. తలకు నీళ్లు పోసేదాంక ఊరు దాటేది లేదు."

బావ మాటకు ఆ ఇంట్లో ఎదురులేదు. గుమ్మానికి వేపమండలు కట్టించాడు, నేను పిలిపించిన ఆటోను వెనక్కి పంపాడు. మా ఆయన కూడా "పోనీలే, అన్న మాట కాదనొద్దు" అన్నాడు. అలా అన్నందుకు ఆయన మీద కూడా నాకింకా కోపమే. సూది తప్పింది. పొక్కులు మాడాయి. అమ్మ చల్లబడిందని ఇంటిల్లిపాదీ పెరుగన్నం నైవేద్యం పెట్టారు. ఒంట్లోంచి మందు దిగిపోతోందని నాకొక్కదానికే తెలుసు.

తర్వాత తీసిన స్కానులో, క్యాన్సరు అప్పటికే పాకిన కాలేయం మీద మచ్చలు పెరిగాయి. ఆ సూది తప్పడం వల్లే అని డాక్టరమ్మ అనలేదు, కాదనీ అనలేదు. నాకు ఆమె సాక్ష్యం అక్కర్లేదు. ఆయన పోయాక, దినాల్లో బావ అందరి ముందూ "అమ్మే పిల్చుకునిండాది" అని కళ్లు తుడుచుకుంటుంటే అతని గొంతు పట్టుకోవాలనిపించింది.

తోడబుట్టినవాళ్లు కూడా పేగు పరీక్ష చేయించుకోవాలని డాక్టరమ్మ నాతో చెప్పింది. ఆ సంగతి ఫోనులో చెప్పొచ్చు. నేను పనిగట్టుకొని బస్సెక్కి పోయి, అరుగు మీద పదిమందిలో కూర్చున్న బావకు గట్టిగా చెప్పాను. ముందురోజంతా విరేచనాలకు తాగిస్తారనీ, వెనకనుంచి గొట్టం పెట్టి చూస్తారనీ ఒక్కటీ వదల్లేదు. జనం నవ్వాపుకున్నారు. అతను తలెత్తలేదు. నాకు చల్లగా ఉండింది.

పరీక్షకు నేనే వెంటబెట్టుకుపోయాను. పేగులో చిన్న కండ కనిపించింది. క్యాన్సరుగా మారకముందే తీసేశారు.

ఆస్పత్రి మెట్ల మీద బావ చేతులు జోడించాడు. "నన్ను బతికిచ్చినావు తల్లీ."

"నీకోసం కాదు బావా. ఆ పొద్దు సూదికి పోనిచ్చింటే తమ్ముడు ఉండునేమో అని దినామూ అనుకునేదానికి నువ్వుండల్ల. నూరేండ్లు ఉండు."