నాన్న కళ్లు మూసుకుని విన్న బండి

మా వైపు పాత డీజిల్ బండి కొనేవాళ్లు, పెళ్లిచూపులకు పెద్దమనిషిని తీసుకెళ్లినట్టు మా నాన్నను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు. వినుకొండలో ఆయనకు చిన్న మెకానిక్ షెడ్డు ఉండేది. బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ ఎత్తించి, ఇంజన్ ఆన్ చేయించి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. కాసేపటికి తీసుకోమనో వద్దనో ఒక్క మాట చెప్పేవాడు. ఆ మాటకు తిరుగులేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, నేను డిగ్రీ చదువుతున్నప్పుడు, ఆయనకు చెవులు మందగించాయి. ఆ సంగతి అమ్మకూ నాకూ తెలుసు. ఆయనకు తెలుసో లేదో మాత్రం మాకు అంతుబట్టేది కాదు. వెనక లారీ హారన్ మోగుతున్నా రోడ్డు మధ్యన నింపాదిగా నడిచిపోతుంటే నేనే పరుగెత్తి చెయ్యి పట్టుకుని పక్కకు లాగేదాన్ని.

ఆ రోజుల్లోనే మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, సేద్యం మీద విరక్తి పుట్టి బండి కొంటానన్నాడు. పత్తి వరసగా పురుగు పాలైంది. ఉన్న పొలం అమ్మేసి, ఏడుగురు పట్టే బండి కొని బాడుగలకు తిప్పుకోవాలని ఆయన ఆలోచన. ఒంగోలులో ఒక పత్తి వ్యాపారి దగ్గర అలాంటిది ఉందని కబురొచ్చింది. అది మొరాయిస్తే మావయ్యకు వెనక్కి వెళ్లడానికి చేను కూడా ఉండదు. అంతా నాన్న మాట మీదే ఉంది. నాకు భయం పట్టుకుని, ఏదో పుస్తకాల వంక పెట్టి వాళ్లతోపాటు బస్సెక్కాను.

దారంతా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పత్తి లారీలు రాసుకుపోయిన తుమ్మకొమ్మలకు దూది వేలాడుతోంది. ఎండకు కళ్లు మూతలు పడుతుంటే ఆ ఎరుపూ తెలుపూ రెప్పల లోపల కూడా కదిలాయి. ఎంతవరకు చూశానో ఎక్కడ నిద్రపోయానో ఇప్పటికీ చెప్పలేను.

వ్యాపారి గోడౌన్ ముందు బండి కడిగి పెట్టి ఉంది. నాన్న బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు.

"పొద్దున్నే స్టార్ట్ చేశారాండీ?"

"ఊరికే, కాసేపండీ," అన్నాడు వ్యాపారి.

"అయితే చల్లారనిద్దాం. వేడి మీదైతే ఏ బండైనా ఇట్టే అందుకుంటది."

గోడౌన్ అరుగు మీద కూర్చున్నాం. లోపల్నుంచి దూది పింజలు తేలి వచ్చి ఎండలో ఆగినట్టే ఆగి, నాన్న మీసాల మీద వాలాయి. ఎవరికీ తొందర లేదు. నాకైతే ఆ ఇంజన్ ఎప్పటికీ చల్లారకుండా ఉంటే బాగుండుననిపించింది. నాన్న మాత్రం ఆయిల్ పుల్ల లాగి, చుక్కను వేళ్ల మధ్య నలిపి చూశాడు. టైర్ల లోపలి అంచులు తడిమాడు. రేడియేటర్ జాలీలో ఇరుక్కున్న దూదిని గిల్లి తీసి, ఇది ఇట్టాగే ఉంటే వేసవిలో నీళ్లు మరుగుతాయన్నాడు. తాళం తిప్పించి బండి లోపలి ఫ్యాను వేయించేసరికి మిరప ఘాటు గుప్పుమని అందరం దగ్గుతో మెలికలు తిరిగాం.

"ఇంటోళ్లం తిరగడానికే వాడామన్నారు. మిరప బస్తాలు కూడా మీ ఇంటోళ్లేనాండీ?" అన్నాడు నాన్న. వ్యాపారి దగ్గుతూనే నవ్వాడు.

ఇంజన్ చల్లారాక స్టార్ట్ చేయించాడు. మొదటి తిప్పుకే అందుకుంది. పొగ లేదు. మావయ్య మొహం వెలిగిపోయింది. నాన్న కళ్లు మూసుకున్నాడు. వేడెక్కేకొద్దీ, వ్యాపారి డ్రైవర్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడల్లా, ఆ మోత అడుగున రోకటిపోటులాంటి చప్పుడొకటి నాకు వినపడసాగింది. నాన్న మొహంలో మాత్రం పసిపిల్లాడి నిద్రలో ఉండే ప్రశాంతత ఉంది.

"ఏం బావా, ఖాయం చేసుకుందామా?" అన్నాడు మావయ్య, అప్పటికే బండిని పశువును నిమిరినట్టు నిమురుతూ.

నాన్న కళ్లు తెరిచి నా వైపు చూశాడు. నా మొహంలో ఏం కనపడిందో, ఇంజన్ ఆపించాడు.

"ఒరేయ్, నాకు ఇనపడట్లేదురా. ఈ మధ్య ఏ బండీ ఇనపడట్లేదు. అమ్మాయికి ఏదో ఇనపడింది, దాన్ని అడుగుదాం," అన్నాడు అందరి ముందూ.

నాకు ఏడుపొచ్చింది. అంత గర్వం కూడా మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

"పైనించా అమ్మా, కిందనించా?" అన్నాడు నా పెదాలే చూస్తూ.

"కిందనించి నాన్నా."

"పల్చగానా, బరువుగానా?"

"బరువుగా. కాలు తీసినప్పుడల్లా."

"బేరింగులు పొయ్యాయి. వద్దురా," అన్నాడు మావయ్యతో.

మావయ్య బండి మీంచి చెయ్యి తీసేశాడు. "సరే బావా," అన్నాడు, అంతే. ఇంకెవరికైనా చూపిద్దామని మాటవరసకైనా అనలేదు. అందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ ప్రాణం.

తిరుగు బస్సులో మావయ్య ముందు సీట్లో నిద్రపోయాడు. అద్దంకి దాటాక నాన్న నా వైపు వంగాడు.

"అమ్మా, మీ అమ్మ గొంతు ఇప్పుడు ఎట్టా ఉంటంది?"

ఆయనకు వినపడాలని అరిచి అరిచి అమ్మ గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"అట్టాగే ఉంది నాన్నా, ఏం మారలేదు," అన్నాను. ఆయనకు అందేదాకా మళ్లీ మళ్లీ అదే చెప్పాను.