గొర్రెలకు సూపర్‌వైజరు

ఆ రోజుల్లో మా పెనుకొండ వైపు బడి కమిటీలో చేరడానికి పెద్ద అర్హతలేమీ అక్కర్లేదు, సాయంత్రం పూట ఖాళీగా దొరికితే చాలు. ఎస్సెల్సీ పాసై ఉద్యోగం రాని నాకంటే ఖాళీగా దొరికేవాడు ఊళ్ళో లేడు కాబట్టి నన్నూ తీసుకున్నారు. ప్రెసిడెంటు మా పెద్దనాయన. ఆ ఏడు కొత్తగా చేరినవాడు బెంగుళూరు మామ. అక్కడి మిల్లులో సూపర్‌వైజరుగా చేసి, ఒక కోటుతోనూ, ప్రపంచంలోని సమస్త విషయాలమీదా అభిప్రాయాలతోనూ తిరిగొచ్చాడు. (కోటు అప్పుడప్పుడైనా విప్పేవాడు.)

మా ఊరి బడి ఐదో తరగతితో ఆగిపోయేది. ఆపైన పిల్లలు పెనుకొండ దాకానైనా నడవాలి, గొర్రెల వెంటనైనా నడవాలి. ఎక్కువమంది గొర్రెల వెంటే నడిచేవారు. ఆరో తరగతి ఇవ్వవచ్చో లేదో చూడటానికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని కబురొచ్చింది. గది నిండుగా పిల్లలు కనబడాలి. చూస్తే అది చెనిక్కాయలు, అంటే వేరుశనగ, పీకే కాలం; పెద్దలంతా చేలల్లో ఉంటే గొర్రెలు పిల్లల మీదే పడేవి. ఇలాంటప్పుడు మేము ఇంటింటికీ వెళ్ళి, ఏ పిల్లవాణ్ణి వదలగలరో అడిగి, వాడి గొర్రెలు ఎవరు చూడాలో మాట్లాడి పెట్టేవాళ్ళం.

"బతిమాలేదేంటికప్పా? మిల్లులో సైరన్ కూస్తే వెయ్యిమంది పరిగెత్తుకోనొస్తారు. దండోరా ఏపిచ్చండి," అన్నాడు మామ.

ఆ సాయంత్రమే దండోరా వేయించాడు కూడా. రేపు పిల్లలందరూ బడిలో ఉండాల, గొర్లు కాయాలని సాకు చెప్పకూడదు, అని. మా ఊరివాళ్ళు మాట వినేవాళ్ళు. ఎవరూ సాకు చెప్పలేదు. పిల్లలతోపాటు గొర్రెల్నీ బడికే పంపి చేలకు వెళ్ళిపోయారు.

పొద్దున మేము వెళ్ళేసరికి అరుగుమీద గొర్రెలు, లోపల గొర్రెలు, పంతులుగారి కుర్చీ దగ్గర ఒక పొట్టేలు. దూరాన మలుపులో ఇన్‌స్పెక్టరు సైకిలు కనిపిస్తోంది. గొర్రెల్ని తోలుకుపొమ్మంటే పిల్లలూ పోతారు, ఆరో తరగతీ పోతుంది. పెద్దనాయన తలపట్టుకున్నాడు. మామ మాత్రం గొర్రెల్ని వరసలో నిలబెట్టే ప్రయత్నంలో ఉన్నాడు.

"మామా, వెయ్యిమందిని అదుపులో పెట్టినోనివి. ఈటికీ ఒక సూపర్‌వైజరు కావాల. మాలాంటోళ్ళ చేత అయ్యే పనేనా ఇది?" అన్నాను.

"నేను కాకుంటే ఇంకెవురున్నారప్పా ఈ ఊళ్ళో?" అని మామ కోటు సర్దుకుని, గొడుగు ఊపుతూ మందను గుట్ట వైపు తోలుకుపోయాడు.

పాఠం మధ్యలో ఇన్‌స్పెక్టరు కిటికీలోంచి చూసి, "కోటేసుకుని గొర్రెలు కాస్తున్నాయన ఎవరు?" అని అడిగాడు.

"మా కమిటీ మెంబరే సార్," అన్నాడు అబద్ధమాడటం రాని పెద్దనాయన. "గొర్లు ఈ పిల్లోళ్ళవి. ఈళ్ళు సదువుకుంటాండారని ఆయన మేపుతాండాడు."

ఇన్‌స్పెక్టరు పిల్లల్ని లెక్కపెట్టి పుస్తకంలో రాసుకున్నాడు. వెళ్ళేముందు పెద్దనాయనకు తనే ముందు నమస్కారం పెట్టాడు. ఆ మరుసటి జూన్‌లో మా ఊరికి ఆరో తరగతి వచ్చింది.

ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు సాయంత్రమే మామ గుట్ట నుంచి తిరిగొచ్చాడు. కోటు అంచు ఒక గొర్రె నమిలేసింది. "నా ప్లాను ఎట్లుండాది?" అన్నాడు.

"బాగుండాది బావా. మళ్ళా ఇన్‌స్పెక్టరొచ్చినా నువ్వే మేపాల," అన్నాడు పెద్దనాయన. మామ ఏటేటా మేపాడు, అదే కోటుతో.

ఇప్పుడు నేను ధర్మవరంలో ఒక బడి కమిటీలో ఉన్నాను. నేను "మా కాలంలో" అని మొదలుపెట్టగానే కుర్రమెంబర్లు, "బడి పండగకొచ్చే అతిథికి స్టేషన్లో ఎదురుపోవాలంటే మీరే ఉండాల సార్, మావల్ల కాదు," అంటారు. అతిథి కారులో వస్తాడని నాకూ తెలుసు. అయినా చొక్కా ఇస్త్రీ చేయించుకునే వెళతాను.