బావ జేబు, అక్క ఇస్త్రీ పెట్టె

మొన్న ఆళ్లగడ్డలో ఒక పెండ్లికి పోయి అక్కావాళ్లింట్లో దిగినాను. నంద్యాల నుంచి బస్సులో నిలబడి వచ్చేసరికి నా చొక్కా ఆవు నమిలి ఉమ్మిన గుడ్డ మాదిరి అయింది. బీరువా పైన అక్క చిన్న ఇస్త్రీ పెట్టె కనిపిస్తే చెయ్యి చాపినాను. "రేయ్, దాని జోలికి పోవాకు! కావాలంటే నా మెడలో గొలుసడుగు, ఇస్తా" అనింది. అరవై దాటిన నన్ను ఇంకా చిన్నపిల్లోని మాదిరి కసురుకునే మనిషి భూమ్మీద ఆమె ఒక్కతే. నలిగిన చొక్కాతోనే పెండ్లికి పోయినాను. కోపమేం రాలేదు, గర్వంగానే ఉండింది. ఆ పెట్టె కొన్న రోజు ఆమె పక్కన ఉన్నది నేనే మరి.

మా బావది గుడ్డల అంగడి. తానులు కత్తిరించగా మిగిలిన ముక్కలన్నీ అక్క దగ్గరికి చేరేవి. లోకమంతా పాత చీరలు నాలుగు మడతలేసి కుట్టి బొంత అంటుంది. అక్క బొంత అట్లాంటిది కాదు. ఒక్కో ముక్క అంచును లోపలికి మడిచి, ఇస్త్రీ పెట్టెతో ఒత్తి, ఆ తర్వాతే సూది పడుతుంది. ఒత్తడమే, రుద్దడం లేదు. "రుద్దితే గుడ్డ సాగుతాది, మూల తప్పుతాది. పెట్టాల, ఎత్తాల, అంతే" అంటుంది. ఆళ్లగడ్డలో వాళ్లుండే వీధిలో పొద్దస్తమానం రాతి శిల్పుల ఉలి చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. "ఆడ వాళ్లు దేవుండ్లను చెక్కుతాండారు, ఈడ మీ అక్క గుడ్డముక్కలు చెక్కుతాంది" అని బావ నవ్వేవాడు. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ పుట్నాలు, బెల్లం ఉండేవి. అంగడికొచ్చిన పిల్లోళ్లు అడిగేది లేదు, నేరుగా ఆ జేబులో చెయ్యి పెట్టేవాళ్లు. జేబంతా జిగటేనని అక్క రోజూ తిట్టేది, రోజూ ఉతికేది.

ఆ బావ పోయినాడు. కొన్నేండ్లకు అక్క స్నానాలగదిలో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పినా చేతి వణుకు పోలేదు. అంతలో కోడలు నెల తప్పింది. మా ఇండ్లల్లో పుట్టిన బిడ్డను కొత్తగుడ్డ మీద పండబెట్టరు, ఇంటి పెద్దల పాత గుడ్డల మీదే పండబెట్టాల. ఆ బొంత తానే కుట్టాలని, నడిమధ్యలో తాత చొక్కా ఉండాలని అక్క పంతం. బావ బట్టలన్నీ ఎప్పుడో పంచేసి, ఒక్క పాతకాలం టెర్లిన్ చొక్కా దాచుకుంది. దాని మీదికి పెద్ద ఇస్త్రీ పెట్టె ఎత్తేసరికి చెయ్యి వణికి, పెట్టె మడత మీద పడిపోయింది. టెర్లిన్ గదా, నిప్పుల మీద అప్పడం మాదిరి ముడుచుకుపోయింది. జేబున్న ముక్క ఒక్కటే మిగిలింది.

నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "పోనీలే అమ్మా, అంగట్లో మంచిది కొందాం" అన్నాడంట కొడుకు. వాడు మంచికే అన్నాడు. ఆమెకు మాత్రం ఇక నీ చేయి పనికిరాదు అన్నట్టు తగిలింది.

మర్నాడే బస్సెక్కి నంద్యాలకు వచ్చేసింది. కరెంటు సామాన్ల అంగడికి తీసుకుపోయినాను. అంగడాయన ఆవిరి ఇస్త్రీ పెట్టెలూ, రంగురంగులవీ వరసగా పెట్టినాడు. అక్క సంచిలోంచి టెర్లిన్ పేలికలు తీసి, "ప్లగ్గు పెట్టప్పా" అనింది.

"కొనకముందే కాల్చి చూస్తారామ్మా?"

"కుండ కొనేటప్పుడు కొట్టి చూడమా? ఇదీ అంతే."

అంగట్లో ఉన్నవాళ్లంతా చుట్టూ చేరినారు. నాకు తల కొట్టేసినట్టయింది, ఆమెకు ఆ ధ్యాసే లేదు. ఒకటి ఎత్తలేనంత బరువు. ఒకటి మరీ తేలిక, చేత్తో అదిమితే గానీ మడత అణగదు, అదిమితే వణుకు. ఆవిరిది నీళ్లు కార్చింది. చివరికి మూలనున్న చిన్నదాన్ని చూపించింది. "అది బొమ్మ మాదిరి ఉంటాదమ్మా, ఊర్లకు పోయేటోళ్లకు" అన్నాడాయన. దాని ముక్కు సన్నం, జేబు మూలదాకా పోతుంది. వేడి బాగా తగ్గించుకోవచ్చు. అక్క దాన్ని కుడిచేత్తో ఎత్తింది, దించింది. ఒక్క క్షణం ఆలోచించి ఎడమచేతికి మార్చుకుంది. పేలిక మీద పెట్టింది, ఎత్తింది. వణుకు లేదు! తర్వాత కొంగు ముడి విప్పి, బావ జేబు ముక్క బయటికి తీసింది.

"అక్కా, ఈడ వద్దు, ఇంటికి పోయి చేద్దువులే" అన్నాను.

"ఇంటికి పోతే ధైర్యం చాలదురా" అనింది.

నేను కండ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ముక్క చెక్కుచెదరకుండా ఉంది, నాలుగు అంచులూ కత్తి పెట్టి కోసినట్టు మడతపడి ఉన్నాయి. అక్క మొహం చూసి నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి. అంగడాయన గొంతు తగ్గించి, "ఇదే కట్టియ్యాల్నా అమ్మా?" అన్నాడు.

ఎడమచేత్తో ఒత్తి, ఎడమచేత్తోనే సూది పట్టి, బిడ్డ పుట్టేలోగా బొంత ముగించింది మా అక్క. పురుడు రోజు వియ్యంకురాలు "పోయినోళ్ల గుడ్డ బిడ్డ కిందనా?" అని నసిగితే, "పోయినోళ్లు కాదమ్మా, వాళ్ల తాత" అని చెప్పి పండబెట్టింది.

మొన్న పెండ్లి నుంచి తిరిగొచ్చేసరికి మనవడు ఆ బొంత మీద బోర్లా పడి ఆడుకుంటున్నాడు. అక్క ఆ జేబును మూడు పక్కలే కుట్టింది, పైన నోరు అట్లే వదిలేసింది. వాడు నన్ను చూసి నవ్వి, బుల్లి చెయ్యి నేరుగా జేబులోకి దూర్చినాడు. వానికెవరూ నేర్పలేదు.

"చూడ్రా, తాత ఏం పెట్టినాడో అని వెతుకుతాండాడు" అనింది అక్క.

బావ పోయి ఇన్నేండ్లయింది గానీ, ఆయన జేబు మాత్రం ఇంకా ఖాళీ కాలేదు.