తేనెపెట్టెలకు కబురు

బేకరీ రొట్టెనైనా వాసన చూడందే కునిగుండె త్సైడ్లర్ సంచిలో వేసుకోదు. అడవితేనె తీసేవాళ్లకు పడ్డ ఆ ఇంటిపేరు, న్యూరెంబర్గ్ అడవి అంచునున్న ఈ ఊళ్లో ఇక ఆమె ఒక్కతిదే. తేనెటీగలు పెంచే తమ్ముణ్ణి పూడ్చిన మర్నాడే, దూరాన ఉన్న సాక్సనీ నుంచి అదే ఇంటిపేరుతో ఒకడు తేనె సీసా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"తేనెపెట్టెల్లో వాటాకొచ్చావా, నాయనా?"

"ఊరికే చూసి పోదామని, పెద్దమ్మా."

"అందరూ ఊరికేనే వస్తారు. చూసిరా."

కర్టెన్ సందులోంచి ఆమె అతని చేతులనే కనిపెట్టి చూసింది. అతను టోపీ తీసి, ఒక్కో పెట్టెనూ వేలితో తట్టి లోపలి తేనెటీగలకు చెప్పాడు: "మీ యజమాని పోయాడమ్మా. మీరుండండి."

యజమాని చావు కబురు చెప్పకపోతే తేనెటీగలు పెట్టెలు వదిలి ఎగిరిపోతాయని ఆ ఇంట్లో పాత నమ్మకం. వచ్చేపోయేవాళ్ల మీద కన్నేసి ఉంచుతూ ఆమె ఆ కబురు చెప్పడమే మరిచింది.

"బూట్లు తుడుచుకుని రా," అంది. అతని సీసా మూత తీసి, వాసన చూడకుండానే రొట్టెకు రాసింది.