పూజ తర్వాత తగిలించిన వైర్లు

ఆ పూట నాకు కాలు ఒకచోట నిలవలేదు. మర్నాడు సేలంలో మా సార్‌కి గొంతు ఆపరేషన్. ఆ తర్వాత మాట ఉండదని డాక్టర్లు ముందే చెప్పేశారు. ఆయన చివరి పాఠం కాలేజీ అంతా వినాలని పట్టుబట్టింది నేనే. తమిళనాడు ధర్మపురి దగ్గర, నేను ఆయన శిష్యురాలిగా చదివిన కాలేజీలోనే నెట్‌వర్క్ ల్యాబ్ చూసేదాన్ని. హాల్లో పట్టని పిల్లలంతా ఎదుటి బ్లాకులో తెర ముందు కూర్చున్నారు.

ఒక్కసారి పంపితే కోరినవాళ్లందరికీ చేరే పద్ధతి, మల్టీకాస్ట్ అంటారని అందరి దగ్గరా గొప్పలు పోయాను. తీరా పాఠం మొదలయ్యాక, హాలు వెనక గదిలో నా పక్క కంప్యూటర్లో సార్ చక్కగా కనిపిస్తున్నారు, మాట్లాడుతున్నారు. ఎదుటి బ్లాకులో మాత్రం నల్ల తెర. ఫోను మీద ఫోను. లేచాను, కూర్చున్నాను, నెట్‌వర్క్ స్విచ్చును తిట్టాను. డేటా ప్యాకెట్లు పోతూనే ఉన్నాయి. చేరాల్సిన గుంపు చిరునామా సరిగ్గానే ఉంది. పదేపదే దాన్నే చూస్తున్నాను, బుద్ధి లేకుండా.

పంపినవారి చిరునామా మీద కన్ను పడేసరికి సగం పాఠం అయిపోయింది. అది ల్యాబు వైపు చిరునామా! ప్యాకెట్లకు దారి చూపే రూటర్‌కి ఒక పట్టింపు ఉంది. ఫలానా చిరునామావాళ్లు ఫలానా గుమ్మంలోంచే రావాలి. వేరే గుమ్మంలోంచి వస్తే కిక్కురుమనకుండా పారేస్తుంది.

కంప్యూటర్ వెనక్కి వంగి చూశాను. రెండు నెట్‌వర్క్ కార్డులు, రెండు వైర్లు, ల్యాబు వైపు ఒకటి, హాలు వైపు ఒకటి. ఏది ఎటో నేను రాసి అంటించిన చీటీల మీద దట్టంగా చందనం, కుంకుమ. సెలవులకు ముందు ఆయుధపూజ నాడు, "కరెంటు ఉండేదానికి బొట్టు పెట్టకూడదు పాపా" అంటూ వైర్లన్నీ పీకి, తుడిచి, బొట్లు పెట్టి, మళ్లీ తగిలించింది సారే. రెండూ తారుమారయ్యాయి. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. వైర్లు మార్చాను. ఎదుటి బ్లాకులోంచి ఒక్కసారిగా కేకలు, చప్పట్లు.

సార్ ఆగారు. మా ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే అయినా, కాలేజీలో నలుగురి ముందు ఎప్పుడూ అరవంలోనే మాట్లాడే మనిషి, మైకులోనే తెలుగులో అడిగారు.

"ఆ పక్క వినబడతా ఉండాదా పాపా?"

గది అద్దంలోంచి తల ఊపాను.

ఆపరేషన్ తర్వాత చూడటానికి వెళ్తే పలక అందుకున్నారు. మా ఇద్దరికీ తెలుగు అక్షరాలు రావు. అరవ అక్షరాలతో తెలుగు మాటలు రాశారు: "ముందు సగం వాళ్లు వినలేదు కదా. నువ్వు చెప్పు."

సరేనన్నాను. ఆ సగం సేపూ ఆయన గొంతు నా చెవి పక్కనే మోగింది. అందులో ఒక్క మాట కూడా నేను వినలేదు.