అమ్మను బోనెక్కించిన సాయంత్రం

ఆత్మకూరులో ఒక సీనియర్ వకీలు దగ్గర నేను జూనియర్‌గా చేరిన మూడో ఏడు అది. రోజూ ఉదయగిరి నుంచి బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. నల్లకోటు మడిచి సంచిలో పెట్టుకుని, బస్సు దిగాక తొడుక్కునేదాన్ని. ఇంటి దగ్గరే తొడుక్కుంటే వీధిలో ప్రతివాళ్ళూ తమ పొలం గట్టు తగాదా చెప్పడానికి ఆపేవాళ్ళు.

మా సీనియర్ ముద్దాయిల తరఫున వాదించడంలో పేరున్నవారు. చేరిన కొత్తలోనే నాకొక పాఠం చెప్పారు. నేరం జరిగిందని రుజువు చేయాల్సిన బరువంతా ప్రాసిక్యూషన్‌దే. మన మనిషి తప్పు చేయలేదని మనం నిరూపించనక్కర్లేదు, వాళ్ళు చెప్పేదాంట్లో న్యాయమైన అనుమానం ఒకటి చూపిస్తే చాలు. ఆ మాట నాకెంతో గొప్పగా అనిపించి, ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ ముప్పై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. ఆమె క్లాసులో సుద్దముక్క పోతే, తాము తీయలేదని నలభై మందీ నిరూపించుకోవాల్సిందే. మీ చట్టం మరీ మెతక అని తేల్చేసింది.

అప్పుడే మా దగ్గరికి ఒక కేసు వచ్చింది. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే షెడ్డులో ఒకామె పనిచేస్తుంది. సరుకు తీసుకుపోవడానికి వచ్చే వ్యాపారి తనను సరుకు గదిలో పట్టుకుని అసభ్యంగా ప్రవర్తించాడని ఆమె ఫిర్యాదు. చూసినవాళ్ళు లేరు. ఆ వ్యాపారి మా క్లయింటు. తాను ఆ గదిలోకే పోలేదంటాడు. ఫిర్యాదు ఇచ్చింది మూడు రోజుల తర్వాత, మధ్యలో రెండు రోజులూ ఆమె మామూలుగా పనికి వచ్చింది. క్రాస్ ఎగ్జామినేషన్‌కు ప్రశ్నలు రాసుకు రమ్మని సీనియర్ నాకు చెప్పారు.

ఇరవై రెండు ప్రశ్నలు రాశాను. అన్నీ చాలా తెలివైనవని నా నమ్మకం. ఎవరి మీదనైనా ప్రయోగించి చూడాలనిపించి, అమ్మను సాక్షిగా ఉండమన్నాను. వంటింటి స్టూలే బోను. పేపరు చదవడం ఆపనన్న షరతు మీద నాన్న జడ్జిగా ఉండటానికి ఒప్పుకున్నాడు.

సాక్షి మొదటి నుంచీ మాట వినలేదు. "మీరు ఆ గదిలోకి వెళ్ళడం జరిగినదా" అని నేనడిగితే, జరగడం దేనికి, వెళ్ళారా అని అడగొచ్చు కదా అంది. నేను అభ్యంతరం చెప్పాను. ఇంట్లో వండిపెట్టేది సాక్షే కాబట్టి జడ్జిగారు నా అభ్యంతరాన్ని కొట్టేశారు. పది ప్రశ్నలు ఇట్లాగే గడిచాయి. ముగ్గురం నవ్వుతూనే ఉన్నాం.

పదకొండోది అడిగాను. అతను పట్టుకున్నప్పుడు మీరెందుకు అరవలేదు?

అమ్మ జవాబు చెప్పలేదు. వినపడలేదేమో అనుకుని తర్వాతి ప్రశ్న కూడా వేశాను. అంత జరిగి ఉంటే మర్నాడు మామూలుగా పనికెట్లా వచ్చారు?

"వచ్చినాను," అంది అమ్మ. "మర్నాడే వచ్చినాను. ఆ మర్నాడు గూడా వచ్చినాను. వచ్చి సంధులు చెప్పినాను."

అప్పటికీ నాకు అర్థం కాలేదు. నాన్న పేపరు దించాడు.

సీతారామపురం అవతల ఒక ఊళ్ళో ఆమె ఉద్యోగంలో చేరిన తొలి రోజులవి, నేను పుట్టకముందు. తనిఖీకి వచ్చిన ఒక అధికారి రిజిస్టర్లు చూపించమని గదిలోకి పిలిచి చెయ్యి పట్టుకున్నాడట. అక్కడితో ఆగలేదట. ఆమె విదిలించుకుని బయటికొచ్చి, నేరుగా ఏడో తరగతికి వెళ్ళింది. పిల్లలు లేచి నమస్కారం పెట్టారు. పాఠం చెప్పింది. తిరుగు బస్సు సాయంత్రానికి గానీ లేదు.

"గొంతు పెగల్లేదు పాపా," అంది. "పెగలకపోయేది గూడా ఉంటాది. అది రాసుకో."

నాన్న లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. ఇన్నేళ్ళూ తనకెందుకు చెప్పలేదన్న ప్రశ్న ఆయన నోటిదాకా వచ్చి ఆగిపోవడం నేను చూశాను. అమ్మ నీళ్ళు తాగింది. తర్వాత నా కాగితం తీసుకుని, 'అసభ్యం'లో ఒత్తు మరిచిపోయానని ఎర్ర పెన్నుతో దిద్ది ఇచ్చింది.

మర్నాడు సీనియర్‌తో ఆ రెండు ప్రశ్నలూ వద్దన్నాను. అయితే మన మనిషికి వకీలే వద్దంటావా అని ఆయన అడిగారు. కావాలన్నాను. రుజువు చేసే బరువు ప్రాసిక్యూషన్ మీదే ఉంది, దాన్ని రవ్వంత కూడా తగ్గించొద్దు, కానీ తాను సరైన పద్ధతిలో భయపడ్డానని రుజువు చేసుకునే బరువు ఆమె మీద చట్టం పెట్టలేదు, మనమే పెడుతున్నాం అన్నాను.

ఆయన నా కాగితం తీసుకుని ఆ రెండు ప్రశ్నలూ కొట్టేశారు. "సరే, నువ్వే క్రాస్ చెయ్. మీ అమ్మను మాత్రం కోర్టుకు పిలుచుకు రావద్దు," అన్నారు.

కోర్టులో నేను గది గురించే అడిగాను. తలుపు ఎటు తెరుచుకుంటుంది, కిటికీ ఉందా, ఆ రోజు సరుకు కోసం ఇంకెవరు వచ్చారు. ఫిర్యాదు ఇచ్చినామె తొందరపడకుండా చెప్పింది. తెలియనిది తెలియదంది. చివరికి నా దగ్గరున్న గట్టి ప్రశ్న వేశాను. గదిలో లైటు లేదు కదా, వెనక నుంచి పట్టుకున్నది ఈయనేనని ఎట్లా చెప్పగలరు?

"ఆరేండ్లుగా నా చేతి గరిటెలు తీసకపోయే మనిషి. 'భయపడబాకలే' అన్నాడు. ఆ గొంతు నాకు తెలీదా మేడం?"

ఇంకేమైనా ఉందా అని జడ్జిగారు అడిగారు. లేదని కూర్చున్నాను. ఎప్పుడు కూర్చోవాలో తెలియడం కూడా వకీలు విద్యేనని సీనియర్ తర్వాత అన్నారు. ఓదార్చారో, ఎత్తిపొడిచారో ఇప్పటికీ తెలియదు.

ఈలోగా ఒక ఆదివారం చర్చి బయట ఎవరో అమ్మను అడిగారట, మీ అమ్మాయి అట్లాంటి మనిషి పక్షాన ఎట్లా నిలబడిందని. చట్టం మెతకన్న మా అమ్మే, ఆయన తరఫున కూడా ఒకరు మాట్లాడాలి గదా, వినకుండా శిక్ష వేస్తే అదేం తీర్పు అందట. ఈ సంగతి ఆమె నాకు చెప్పలేదు. నాన్న చెప్పాడు.

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. సాక్షి ఒక్కరే అయినా ఆమె మాట నమ్మదగినదిగా ఉందని, ఆలస్యానికి ఆమె చెప్పిన కారణం సహజమైనదేనని, నేరం సందేహానికి తావు లేకుండా రుజువైందని చదివారు. శిక్ష పడింది. క్లయింటు నా వైపు చూడలేదు. అప్పీలు కాగితాలు సిద్ధం చేయమన్నారు సీనియర్. ఆ ప్రశ్నలు అడిగి ఉంటే గెలిచేదాన్నేమో అన్న ఆలోచన నాకూ వచ్చింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

సాయంత్రం ఉదయగిరి బస్సులో నా పక్క సీటు ఒక్కటే ఖాళీగా ఉంది. ఎక్కింది ఆమె. ఎదుటి పక్షం సాక్షితో మాట్లాడవచ్చా కూడదా అని నేను నిబంధనలు గుర్తు చేసుకుంటూ ఉండగానే వచ్చి కూర్చుంది. బస్సు ఊరు దాటింది.

"ఓడిపోయినందుకు బాధగా ఉండాదా మేడం?" అని అడిగింది.

కొంచెం ఉందన్నాను.

"ఉంటాది. పని గదా." మళ్ళీ తనే అంది. "మీరు ఏందేందో అడుగుతారని అందరూ భయపెట్టినారు. వారం రోజులు జవాబులు బట్టీ పట్టినాను. అన్నీ వేస్టయిపోయినాయి."

నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ జవాబులేమిటో అడగాలనిపించింది. అడగలేదు.